కొలువు చుట్టూ తిరగాల్సిన బండి

మళ్ళీ తెగింది.

శుక్రవారం పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా, నొప్పుల మోకాళ్ళ మీద కూర్చుని బల్ల అంచుకు కళ్ళు ఆనించి చూస్తున్నాను. ఇంజను మలుపు తిరిగి తన దారిన తాను చక్కా పోయింది. పెట్టెలన్నీ మలుపులోనే నిలబడిపోయాయి. అరచేయి పొడవుండే బొమ్మ రైలు పెట్టెలు. వాటిని ఒకదానికొకటి తగిలించి ఉంచడానికి నేను పడుతున్న పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు.

పెట్టెల్ని కలిపే పాత లోహపు కప్లింగులు అరిగిపోతే కొత్తవి మూడు రకాలు తెప్పించాను. ప్రతి పొట్లం మీదా అన్ని పెట్టెలకూ సరిపోతాయని రాసి ఉంది. అన్నీ నీటిమూటలే. మొదటి రకం పక్క పెట్టెదానికన్నా బియ్యపు గింజంత కిందికి కూర్చుంటుంది. ఎత్తు కలవదు కాబట్టి పట్టాల అతుకు దగ్గర కుదుపు రాగానే జారిపోతుంది. రెండో రకం తగులుకుంటే ఇక వదలదు, విడదీయబోతే చక్రాలే ఊడి చేతికొస్తాయి. మూడో రకంలో స్ప్రింగే లేదు. ఒక ప్లాస్టిక్ నాలుక ఆ పని చేయాలి. మస్కట్ ఎండకు, ఏసీ ఆపిన గదిలో రెండు మధ్యాహ్నాలు ఉంటే చాలు, ఆ నాలుక వేలాడబడుతుంది. స్కూల్లో పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఇదంతా నాకు అర్థం కాక కాదు. అర్థమైనా పని జరగకపోవడమే నా కోపం.

నాన్న దగ్గర్నుంచి నాకు వచ్చినవి రెండు. ఒకటి ఈ బండి, రెండోది ఆ కోపం. చిన్న పట్టకారుతో పాత కప్లింగు ఒకటి ఊడదీస్తుంటే, దాని గూటి మూలలోంచి ఏనాటిదో కుట్టుమిషన్ నూనె, దుమ్ము కలిసి ముద్దయిన వాసన గుప్పుమంది. ఆ వాసన మస్కట్ శివారులో మేం పెరిగిన ఘాలా క్యాంపుది. పట్టకారు పక్కన పడేసి కూర్చుండిపోయాను.

ఇప్పుడు ఘాలా అంటే గ్యారేజీలు, గోడౌన్లు, కార్మికుల బిల్డింగులు, తెల్లారకముందే బారులు తీరే కంపెనీ బస్సులు. నా చిన్నప్పుడు కంపెనీ క్యాంపు ముళ్ళకంచె దాటితే రాళ్ళ గుట్టలూ, తుమ్మచెట్లూ, వాటి కింద మేకలూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. మావి రేకుల ఇళ్ళు. కిటికీలో ఏసీ గురగురలాడుతూ కారే నీళ్ళను అమ్మ బకెట్టులో పట్టి కరివేపాకు మొక్కకు పోసేది. బర్కా తోటల నుంచి వారానికోసారి వ్యాన్ వచ్చేది. అందులో కొత్తిమీర కట్టల్ని ఎండుచేపల బస్తాల పక్కనే పడేసి తెచ్చేవాళ్ళు. మా ఇంట్లో చారు కాచినప్పుడల్లా నీచు వాసన వస్తోందని అమ్మ ముక్కు చిట్లించేది. నాకూ తమ్ముడికీ మాత్రం చారంటే ఆ వాసనే.

నాన్న కంపెనీ గ్యారేజీలో ఫోర్‌మన్. అంతకుముందు దేశంలో రైల్వే వర్క్‌షాపులో గూడ్సు పెట్టెలు బాగుచేసేవాడు. అమ్మ తండ్రి, అంటే మా తాతయ్య, గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరైనవాడు. రైల్వే ఉద్యోగమని చూసి పిల్లనిచ్చాడు. నేను పుట్టిన కొన్నాళ్ళకు నాన్న ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఒమాన్ విమానం ఎక్కాడు. ఆ రోజు నుంచి తాతయ్య అల్లుడితో మాట్లాడటం మానేశాడు. కోపం తగ్గుతుందని అందరూ అనుకున్నారట. తగ్గలేదు. ఒక్క రైలు పట్టా కూడా లేని దేశానికి పోవడం ఆయన దృష్టిలో ఉద్యోగం మారడం కాదు, కులం చెడటం.

నాన్నకు రైలు మీద బెంగ ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాకది ఆటవస్తువు. క్యాంపులో ఉండే ఒక ఇంగ్లీషు ఇంజినీరు దేశం వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తే నాన్న ఒక బొమ్మ ఇంజను, రెండు పెట్టెలు తెచ్చాడు. వాటికి వెడల్పాటి కొక్కేలు. మత్రా బజారులో ఇంకో మూడు దొరికాయి. వాటికి కొక్కెం లేదు, ఉంగరాలు ఉన్నాయి. జర్మనీ వెళ్ళొచ్చిన స్నేహితుడు ఇంకొన్ని తెచ్చిచ్చాడు. వాటికి ముడిచిన పిడికిలి లాంటి కప్లింగులు, రెండు పిడికిళ్ళు గుద్దుకుంటే వాటంతట అవే పట్టుకుంటాయి. అన్నీ బండి పెట్టెలే, కొలత ఒకటే, రంగులు బాగున్నాయి. ఒకదానితో ఒకటి మాత్రం కలిసి చావవు.

ఆ ఏడు దసరాకు తాతయ్య విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చాడు. అమ్మ పోరు పడలేక వచ్చానని, మనవల్ని చూసి పోతానని ముందే చెప్పాడు. ఎయిర్‌పోర్టు బయట నాన్న వంగి కాళ్ళకు దణ్ణం పెడితే తల మీద చెయ్యి వేశాడు కానీ నోరు విప్పలేదు. కారెక్కాక నా వైపు తిరిగి, "అమ్మడూ, ఇక్కడ స్టేషను ఎంత దూరవే?" అని అడిగాడు. నేను లేదన్నాను. "లేదా, పాపం" అని కిటికీలోంచి బయటికి చూశాడు. నాన్న గేరు మార్చిన చప్పుడుకు ముందు సీట్లో అమ్మ ఉలిక్కిపడింది.

ఆయన మాట్లాడకపోవడం కూడా ఒక రకం మాట్లాడటమే. నాన్న ఎదురుగా కూర్చుని, నాన్న గురించి నాతో మాట్లాడేవాడు.

"అమ్మడూ, ఇంకాస్త మజ్జిగ పోసుకుంటాడేమో మీ నాన్నని అడుగు."

"తాతయ్యతో చెప్పు, చాలని."

"చాలట, తాతయ్యా."

"వినపడిందిలే, నాకేం చెవుడు లేదు."

పూట పూటకీ ఇదే. ఆడుకుంటుంటే పిలిచేవాళ్ళు, హోంవర్కు చేస్తుంటే పిలిచేవాళ్ళు. ఇద్దరి మధ్యా అడుగు దూరం కూడా లేదు, మధ్యలో నా కాళ్ళు అరిగిపోయాయి. ఒకసారి విసుగెత్తి, "నువ్వే చెప్పొచ్చుగా, నాన్న పక్కనే ఉన్నాడుగా" అన్నాను. తాతయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ వంటింట్లోకి లాక్కెళ్ళి నెత్తి మీద ఒక్కటి ఇచ్చింది. ఇచ్చి, తనే కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కసారి ఏవయ్యా అని పిలిస్తే చాలు. అంతకన్నా నాకేం అక్కర్లేదు" అంది, పప్పు తిరగమోత వేస్తూ, నాతోనో పొయ్యితోనో తెలియకుండా.

గుమ్మంలో నాన్న నిలబడి విన్నాడు. "పిలుస్తాడు, చూస్తూ ఉండు" అన్నాడు. "నవమి నాడు కొలువు చుట్టూ బండి తిప్పుతాను. పెట్టెలన్నీ తగిలించి, చివర గార్డు పెట్టెతో సహా. తెగకుండా ఒక్క చుట్టు తిరిగిందంటే, ఆయన పలకరించకుండా ఉండలేడు. గార్డు కదా."

మా అమ్మ వాళ్ళింట దసరాకే బొమ్మల కొలువు పెడతారు. అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి పట్టుచీర పరిచి, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన మేం కొన్న ప్లాస్టిక్ ఒంటెను నిలబెట్టింది అమ్మ. నాన్న గ్యారేజీ నుంచి ప్లైవుడ్ పలకలు తెచ్చి కొలువు చుట్టూ పట్టా వేశాడు. పాలపొడి డబ్బా కత్తిరించి ఎర్రరంగు వేసి గార్డు పెట్టె తయారుచేశాడు. పేరంటానికి వచ్చే ఆడవాళ్ళ ముందుకు బండి పటికబెల్లం ముక్కలు మోసుకురావాలని అమ్మ ఆలోచన.

ఇల్లు అలకగానే పండగ కాదని ఆ రోజుల్లోనే నాకు తెలిసింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, మొహం కడుక్కోకుండానే పట్టాల పక్కన బోర్లా పడుకునేవాడు. కొక్కెం పెట్టెకూ ఉంగరం పెట్టెకూ మధ్య తీగ వంచి లంకె వేశాడు. తిన్నటి దారిలో బాగానే ఉంది, మలుపులో తీగ అడ్డం తిరిగి పెట్టెను పట్టాల మీంచి తోసేసింది. అమ్మ తలపిన్నుతో ప్రయత్నించాడు. అది వంగిపోయింది. పిన్నీసు పెట్టాడు. అది ఊడలేదు కానీ బండే కదల్లేదు.

తాతయ్య పేము కుర్చీలో కూర్చుని ఇదంతా చూసేవాడు. చూడనట్టు చూసేవాడు.

"అమ్మడూ, బరువైన పెట్టె ఇంజను పక్కన ఉండాలని మీ నాన్నకి చెప్పు. తేలికది ముందుంటే వెనకాలి లాగుడుకి మలుపులో లోపలికి పడిపోద్ది."

"తాతయ్యతో చెప్పు, ఇది నిజం బండి కాదు, బొమ్మని."

"బొమ్మైనా బరువు బరువే అని చెప్పు."

నాన్న పళ్ళు కొరుకుతూ బరువైన పెట్టెను ముందుకు మార్చాడు. మార్చి స్విచ్ వేయగానే ఇంజను ప్లాస్టిక్ కొక్కెం పుటుక్కున విరిగింది. తాతయ్య ఏమీ ఎరగనట్టు గోళ్ళు చూసుకున్నాడు. నాన్న లేచి బయటికి వెళ్ళి ముళ్ళకంచె పక్కన సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చాడు. ఇద్దరిలో ఎవరూ పూర్తిగా తప్పు కాదు, ఎవరూ పూర్తిగా ఒప్పూ కాదు. అది వాళ్ళకు ఎవరు చెప్పాలి?

మేమూ చేతనైన సాయం చేశాం. నాన్న డ్యూటీలో ఉండగా, తమ్ముడూ నేనూ ఒమానీ హల్వా తెచ్చి పెట్టెకూ పెట్టెకూ మధ్య అంటించాం. ఏలకులూ, నెయ్యీ, గులాబీనీళ్ళ వాసనతో వేలికి పట్టుకుంటే వదలని జిగురు ఆ హల్వాది. నిజం చెప్పాలంటే అన్ని ప్రయత్నాల్లోనూ మాదే బాగా పనిచేసింది, బండి సగం చుట్టు తిరిగింది. మిగిలిన హల్వా తమ్ముడు తినేశాడు. సాయంత్రానికి పట్టాల పొడుగునా చీమలు బారు కట్టాయి. నాన్న మా వీపులు పగలగొట్టాడు, తర్వాత కూర్చుని చక్రాలన్నీ విప్పి వేణ్ణీళ్ళతో కడిగాడు.

కడుగుతూ కడుగుతూ ఆయనకు పట్టుదల వచ్చింది కాబోలు. అతుకులు వేయడం మానేసి, అన్ని పెట్టెలకూ ఒకే రకం ఉండాలని తేల్చుకున్నాడు. కొక్కెం బాగుందా, ఉంగరం బాగుందా అని కాదు, ముందు అన్నీ ఒకటే కావాలి. పిడికిలి రకం ఎంచుకున్నాడు. స్నేహితుణ్ణి బతిమాలి విడి కప్లింగులు తెప్పించి, ఇంజనుకూ, ప్రతి పెట్టె అడుగునా కూర్చోబెట్టాడు. రేకు ముక్కను కత్తిరించి కొలబద్దలా పట్టాల మీద నిలబెట్టి, ప్రతి పిడికిలీ దాని ఎత్తుకే వచ్చేదాకా అరగదీశాడు. ఎక్కువైన చోట ఆకురాయి, తక్కువైన చోట కాగితం మడత. అష్టమి సాయంత్రం బండి కొలువు చుట్టూ తిరిగింది. ఆగకుండా, తెగకుండా, గార్డు పెట్టె తోక ఊపుకుంటూ తిరిగింది. తాతయ్య ఆ సమయానికి క్యాంపు గేటుదాకా నడకకు వెళ్ళాడు. నాన్న బండి ఆపేసి, దాని మీద తువ్వాలు కప్పి, "రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే చేతులు విరుస్తాను" అన్నాడు.

నవమి పొద్దున్న అమ్మ ఆయుధపూజ చేసింది. నాన్న పనిముట్ల పెట్టె, కారు, కుట్టుమిషన్, కత్తిపీట, అన్నిటికీ గంధం, కుంకుమ. ఇంజను నెత్తిన కూడా తువ్వాలు కొంచెం జరిపి భయంభయంగా ఒక బొట్టు పెట్టి మళ్ళీ కప్పేసింది. నాన్న ముదీర్‌ని, అంటే మేనేజర్ని, బతిమాలి సగం రోజు సెలవు తీసుకుని మధ్యాహ్నానికే వచ్చేశాడు. స్నానం చేసి, పంచె కట్టుకుని, పట్టాలు పొడిబట్టతో తుడిచాడు.

సాయంత్రం పేరంటానికి క్యాంపులోని ఆడవాళ్ళంతా వచ్చారు. గదిలో మల్లెసెంటూ, గుగ్గిళ్ళ తిరగమోత వాసనా. నేను పట్టుపరికిణీలో, నా స్నేహితురాళ్ళందరికీ మా బండి గురించి వారం నుంచి గొప్పలు చెప్పి ఉన్నాను. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పేము కుర్చీని తనే పట్టాల దగ్గరికి జరుపుకున్నాడు. నాన్న అది గమనించాడు. తువ్వాలు తీసి, పెట్టెల్లో పటికబెల్లం నింపి, స్విచ్ వేశాడు.

ఇంజను ఒక్కటే వెళ్ళింది.

ఎవరో నవ్వారు. నాన్న ఇంజనును వెనక్కి తెచ్చి చేత్తో తగిలించాడు. ఈసారి మొదటి పెట్టెను తీసుకుని వెళ్ళింది, మిగతావి ఉండిపోయాయి. అది తగిలిస్తే దాని తర్వాతది. ఎక్కడికక్కడ తెగుతోంది. పిడికిళ్ళు గుద్దుకుంటున్నాయి కానీ మూసుకోవడం లేదు. నా స్నేహితురాలు ఒకతి, "మీ బండి ఇంతేనా" అంది. దాన్ని అక్కడే గిల్లాను. నాన్న మెడ మీద చెమట ధారలు కట్టింది. ఒక పెట్టెను ఎత్తి దీపం దగ్గర పెట్టి చూశాడు. పిడికిలి సందులో పచ్చగా ఎండి గట్టిపడిన ముద్ద, దాని మీద ఎర్రటి పొడి. ఇంకోటి ఎత్తాడు. అందులోనూ అదే. అన్నిట్లోనూ అదే.

అమ్మ వైపు తిరిగాడు. "ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"ఇంజను మీద ఒక్క బొట్టు పెట్టానండీ. వీటిని నేను తాకలేదు" అంది అమ్మ. చేతిలోని కుంకుమ భరిణెకు మూత పెట్టింది.

"మరి ఇదేమిటి? గంధం దానంతట అదే నడిచొచ్చి కూర్చుందా?"

"దాన్నేం అనకయ్యా" అన్నాడు తాతయ్య. "నేనే పెట్టాను."

నాన్న చేతిలో పెట్టె కింద పెట్టి ఆయన వైపు తిరిగాడు.

"మీరు పెట్టారా? మావయ్యగారూ, ఆ సందులో వెంట్రుక పడితేనే అది మూసుకోదు. గంధం ముద్ద పెడతారా ఎవరైనా?"

"యార్డులో నవమికి కొక్కెం కొక్కేనికీ పెట్టేవాళ్ళం. బండి తెగకుండా ఉండాలని పెట్టేది అక్కడే. పొద్దున అమ్మాయి ఇంజనుకే పెట్టి ఊరుకుంది. తెగేది ఇంజను కాదు కదా."

"అది ఇనుప కొక్కెం, మనిషి తలకాయంత. ఇది కందిగింజంత."

"కందిగింజంతది పెట్టుకోమని నీకెవరు చెప్పారయ్యా? ఆ ఉంగరాల రకవే ఉంచాల్సింది."

"ఉంగరాల రకం మలుపులో పడిపోయింది, మీరూ చూశారుగా."

"చూశాను. అది ఉంగరం తప్పు కాదు, నీ మలుపు తప్పు. అంత ఇరుకు మలుపు వేస్తే ఏదైనా పడుద్ది."

"గది ఇంతే ఉంది, నేనేం చెయ్యను, గోడ పగలగొట్టనా?"

పేరంటానికి వచ్చినవాళ్ళు బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బండి నడవలేదు, పరువు పోయింది, పెద్దవాళ్ళిద్దరూ అందరి ముందూ కీచులాడుకుంటున్నారు. అమ్మ దగ్గరికి పరిగెత్తి చూస్తే, అమ్మ కళ్ళ నీళ్ళు కారుతూనే నవ్వుతోంది.

"బండి పాడైపోయిందమ్మా" అన్నాను.

"పోతే పోయిందే. నాన్నతో తాతయ్య మాట్లాడుతున్నాడు, వినపడటం లేదూ?" అని, నా చెంప మీద కుంకుమ చేత్తోనే రాసి, తాంబూలాలు ఇవ్వడానికి వెళ్ళింది.

విచిత్రమేమిటంటే, మాట్లాడుతున్న ఇద్దరికీ ఆ సంగతి తెలియలేదు. కోపంలో మర్చిపోయారు. అందరూ వెళ్ళాక ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చుని, అగ్గిపుల్లలతో గంధం గీరుతూ మళ్ళీ మొదలెట్టారు. నూనె వేయాలని తాతయ్య, నూనె వేస్తే ఇక్కడి దుమ్ము పట్టుకుంటుందని నాన్న. కుట్టుమిషన్ నూనె వేశారు, దుమ్ము పట్టుకుంది. వీసా అయిపోయేదాకా బండి ఒక్క పూర్తి చుట్టు తిరగలేదు, వాళ్ళ తగువూ ఆగలేదు. నా కాళ్ళకు మాత్రం విశ్రాంతి దొరికింది. ఎయిర్‌పోర్టులో తాతయ్య మాకు ముద్దులు పెట్టి, అమ్మకు జాగ్రత్తలు చెప్పి, లోపలికి వెళ్ళబోతూ ఆగి, "ఏవయ్యా, ప్లాస్టిక్‌వి తీసెయ్. లోహానివి దొరికితే అవే వెయ్యి. మళ్ళీ వచ్చి చూస్తాను" అన్నాడు. నాన్న, "లోహానివి బరువండీ" అని అక్కడ కూడా ఎదురు చెప్పాడు.

తాతయ్య మళ్ళీ రాలేదు. మరుసటి వేసవిలో నిద్రలోనే పోయాడు. అమ్మ మమ్మల్ని తీసుకుని వెళ్ళొచ్చింది. నాన్నకు కంపెనీ సెలవు ఇవ్వలేదు.

ఆ దసరాకు అమ్మ కొలువు పెట్టలేదు, చేతులు రాలేదంది. ఖాళీ మెట్లు కూడా లేని ఆ గదిలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, నాన్న ప్లైవుడ్ పలకలు పరిచాడు. లోహపు పిడికిళ్ళు ఎక్కడో సంపాదించాడు. అన్నీ ఒకే రకం, ఒకే ఎత్తు, లోపల సన్నటి ఉక్కు స్ప్రింగు. ఈసారి నూనె చుక్క వేయలేదు, దుమ్ము పట్టకుండా జారుతుందని పెన్సిలు ముల్లు నూరిన పొడి చల్లాడు. మలుపును గోడదాకా జరిపి వెడల్పు చేశాడు. బరువు పెట్టెను ఇంజను పక్కన పెట్టాడు. స్విచ్ వేస్తే బండి నడిచింది. గార్డు పెట్టెతో సహా చుట్టూ తిరిగి వచ్చింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ తిరిగింది. తమ్ముడూ నేనూ చప్పట్లు కొట్టాం.

నాన్న కింద కూర్చుని ప్రతి అతుకునూ వంగి వంగి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. తలెత్తి, ఎవరూ కూర్చోని పేము కుర్చీ వైపు ఒకసారి చూసి, విసురుగా స్విచ్ ఆపేశాడు.

"ఇలా నడిస్తే ఎవడిక్కావాలి" అని లేచి, ఆ రోజు డ్యూటీ లేకపోయినా, చొక్కా వేసుకుని గ్యారేజీకి వెళ్ళిపోయాడు.

ఆ కోపం ఎవరి మీదో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు నాన్న కూడా లేడు. బండి తెగిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది, పైకే తిట్టుకుంటాను, మళ్ళీ తగిలిస్తాను, అదంతా బాగానే ఉంటుంది. తెగకుండా ఒక్క చుట్టు పూర్తిగా తిరిగి వచ్చిందంటే మాత్రం ఏడుపు ఆగదు. అందుకే తలుపేసుకుని నడుపుతాను.